ఇంజను సీజు, ఆ వెనక బండి సీజు

మా తాండూరు వైపు ఈ ‘సీజు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఆయిలు అందక ఇంజను బిగుసుకుపోతే సీజయింది అంటారు. కిస్తీలు కట్టలేకపోతే ఫైనాన్సు వాళ్లు వచ్చి బండి గుంజుకుపోయినా సీజయింది అనే అంటారు. మొదటి సీజుకూ రెండో సీజుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో పోయిన కంది కోతలప్పుడు కళ్లారా చూశాను. నాలుగు నెలలు.

యాలాల మండలంలో ఒక ఊరి నుంచి పద్నాలుగు మంది ఆడకూలీలు ఒక పాత పికప్పు బండిలో పనులకు పోయేవారు. బండి ఏ ఆసామిదీ కాదు, ఏ మేస్త్రీదీ కాదు. ఆ గుంపులోనే పని చేసే ఒకామె కొడుకుది. సెకండ్ హ్యాండులో కొన్నాడు, సగానికి పైగా ఫైనాన్సే. తెల్లవారుజామున ఐదున్నరకు కూలీలను చేల దగ్గర దించేవాడు. పగలు షాబాదు బండల పాలిషింగు యూనిట్లకు కిరాయి కొట్టేవాడు. పొద్దుగూకే వేళకు మళ్లీ వచ్చి వాళ్లను ఇళ్లకు చేర్చేవాడు. ఈ బండి వల్ల ఆ గుంపుకు ఏం ఒరిగిందో లెక్కల్లో కనబడదు. కూలి గిట్టకపోతే ‘మాకొద్దు పటేలా’ అని చెప్పి బండెక్కి పక్క ఊరికి పోయేవారు. ఆ ఒక్క సౌకర్యం వల్ల చుట్టుపక్కల ఊళ్ల కంటే వాళ్ల కూలి యాభై రూపాయలు ఎక్కువగానే ఉండేది.

జనవరిలో ఒక రోజు కొడంగల్ రోడ్డు మీద ఆ బండి నిలబడిపోయింది. మళ్లీ కదల్లేదు. రెండు రోజులుగా స్టీరింగు ముందు ఎర్రలైటు వెలుగుతూనే ఉందట. ‘వైరు లూజయిందనుకున్న అన్నా’ అన్నాడు ఆ కుర్రవాడు నాతో. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి చేను చేరేసరికి ఆసామి వేరే కూలీలను పెట్టుకున్నాడు. ఆ రోజు కూలి పోయింది. ఇంజను విప్పితే బేరింగులు పట్టేసి క్రాంకు గీతలు పడి ఉంది. బాగుచేయడానికి అరవై వేల పైమాట చెప్పారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామన్నా అంత పుట్టలేదు. కిస్తీలు ఆగాయి. మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి వసూలు మనుషులు లాగుడు బండి తెచ్చి, ఇంటి ముందు పడి ఉన్న పికప్పును కట్టుకుని పోయారు. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోను కూడా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాగితం మా ఊరి దారి ఎరుగదు.

ఇప్పుడు ఆ పద్నాలుగు మందీ ఒక మేస్త్రీ బండిలో పోతున్నారు. కూలి మాట్లాడేది ఆయన. బండి కిరాయి పేరుతో మనిషికింత అని పట్టుకునేది ఆయన. గిట్టదంటే దింపి పోయేది కూడా ఆయనే. కాబట్టి ఇంజనాయిలు మార్చుకోవడం గురించి వ్యవసాయ కార్మికుల పేజీలో రాయడమేమిటని ఎవరైనా అడిగితే, ఆ గుంపులోని అవ్వను అడగమంటాను. ఆమె ఒక్క మాటలో చెప్పింది: ‘నూనె మీద ఆశపడితే నోరు పోయింది బిడ్డా.’

అసలు ఆ కుర్రవాడు ఆయిలు పోయకుండా లేడు. తప్పు ఎక్కడ జరిగిందో అందుకే జాగ్రత్తగా చూడాలి. కొలత పుల్ల తీసి చూసినప్పుడల్లా తగ్గినంత పోశాడు. కాని పాతది తీయలేదు. ఏడాదిన్నర ఫిల్టరు మార్చలేదు. పాచి పట్టిన కుండ కడగకుండా పైన మంచినీళ్లు పోసినట్టయింది. పోయడం వేరు, మార్చడం వేరు. ఈ తేడా తెలియక బండ్లు పోగొట్టుకున్నవారు మన పక్క చాలామంది ఉన్నారు.

మన తాతలకు ఈ సంగతి కొత్తది కాదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయకుండా బండి కట్టిన రైతు లేడు. ఆముదంలో మసి కలిపి, పాత గుడ్డ చుట్టి, చక్రం ఊడదీసి పాత కందెన గీకి పారేసి మరీ కొత్తది పెట్టేవారు. గీకి పారేసేవారన్న మాట గుర్తుంచుకోండి. ఇంజను లోపల జరిగేదీ అదే, కాకపోతే కంటికి కనబడదు. క్రాంకుకూ బేరింగుకూ నడుమ ఆయిలు వెంట్రుక కన్నా సన్నని పొరగా నిలబడి ఇనుమును ఇనుము తాకకుండా చూస్తుంది. వేడిని మోసుకుపోతుంది. డీజిలు కాలినప్పుడు పుట్టే మసినీ, అరిగిన ఇనుప రజనునూ తనలో పట్టి ఉంచుతుంది. డీజిలు బండిలో పోసిన ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది చెడిపోయినట్టు కాదు, పని చేస్తున్నట్టు. అయితే ఎంత మసిని మోయగలదో దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే జిగురుగా మారి, అడుగున గడ్డకట్టి, ఆయిలు పీల్చే జాలీని మూసేస్తుంది. అప్పుడు కొలత పుల్ల మీద ఆయిలు నిండుగానే కనబడుతుంది, బేరింగుకు మాత్రం చుక్క అందదు. ఆ కుర్రవాడి బండిలో జరిగింది ఇదే. ఎర్రలైటు చెప్పింది ఇదే. ఆ లైటు వెలిగితే రోడ్డు మధ్యన ఉన్నా సరే, పక్కకు తీసి ఇంజను ఆపాలి. ఊరు చేరాక చూద్దామంటే ఇంజను ఊరు చేరదు.

ఫిల్టరు సంగతి ఇంకా మోసంగా ఉంటుంది. దాని లోపల మడతలు మడతలుగా కాగితం ఉంటుంది. అది మూసుకుపోయినా ఇంజనుకు ఆయిలు ఆగిపోకూడదని కంపెనీవారు ఒక పక్కదారి కవాటం పెట్టారు. ఫిల్టరు నిండగానే ఆయిలు వడపోత లేకుండానే ఆ దారిన తిరుగుతుంది. బండి బాగానే నడుస్తుంది, లోపల రజను రుద్దుతూ ఉంటుంది. ఆయిలు మార్చి ఫిల్టరు వదిలేసేవాడు మూడు వందలు మిగిలాయనుకుంటాడు. ఆ పాత ఫిల్టరులో మిగిలిన మురికి కొత్త ఆయిల్లో కలిసే సంగతి వాడికి పట్టదు.

ఎన్నాళ్లకు మార్చాలి? కంపెనీ పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. దుమ్ములో, బరువుతో, ఆగి ఆగి నడిచే బండికి ఇంకా ముందే మార్చాలని అదే పుస్తకంలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. అదంతా ఇంగ్లీషే. నేను ఏడో తరగతితో ఆగినవాణ్ని. పాలిటెక్నిక్ చదివే ఒక కూలి బిడ్డ చదివి చెబితే నాకు తెలిసింది. ఇక్కడ అమ్మే బండికి ఇక్కడి భాషలో పుస్తకం ఎందుకివ్వరో అడగాల్సిన ప్రశ్నే. మన పక్క దుమ్ము సంగతి వేరే చెప్పాలా? తాండూరు, బషీరాబాదు వైపు బండల గనులు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. చెట్ల ఆకులే తెల్లగా ఉంటాయి. నల్లరేగడి చేలలోకి దిగితే ఇంకో రకం దుమ్ము. గాలి ఫిల్టరు చిరిగితే ఇదంతా నేరుగా ఇంజను కడుపులోకి పోతుంది. రోడ్డు మీద కంకర టిప్పర్లు. ఆ టిప్పర్లు దుమ్ముతో ఊరుకోవడం లేదని 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తెలిసింది. కంకర టిప్పరు తాండూరు నుంచి హైదరాబాదు పోతున్న బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. రోడ్డు వెడల్పు గురించి ఇంకోసారి రాస్తాను. మా అనుభవంలో ఇక్కడి పాత పికప్పుకు ఐదువేల కిలోమీటర్లు దాటనివ్వకూడదు. రోజుకు అరవై తిరిగే బండికి మూడు నెలలు.

తొలకరికి ముందు మా సంఘం మాట్లాడుకుని, కూలి గుంపుల చేతిలో మిగిలి ఉన్న మూడు బండ్లకూ మేమే ఆయిలు మార్చుకుందామని తీర్మానించాం. రెండు పెద్ద పికప్పులు, ఒక ఛోటా హాథీ. ఆదివారం, ఊరి బయట వేపచెట్టు కింద. ఎలా చేశామో చెబుతాను, చేసిన తప్పులతో సహా.

మొదటి తప్పు నేనే చేయబోయాను. బండి కిందికి దూరడానికి ఎత్తు చాలదేమోనని జాకీ ఎత్తి, చక్రాల పక్కన షాబాదు బండలు పేర్చుదామన్నాను. మన దగ్గర అవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కదా. పాతికేళ్లు గనిలో పని చేసిన ఒక పెద్దాయన నన్ను ఆపాడు. ‘తమ్మీ, ఇది పొరల రాయి. పరుచుకుంటే నూరేండ్లుంటది. పేర్చి మీద బండి పెడితే ఎప్పుడు పటుక్కుమంటదో దానికే తెల్వదు.’ నిజం. జాకీని నమ్మి బండి కింద పడుకుని చచ్చిపోయిన డ్రైవర్లున్నారు. పికప్పుకు జాకీ అక్కరలేనే లేదు. చదునైన నేల మీద నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా గుండ్రాళ్లు పెట్టి, గోనెసంచి పరుచుకుంటే మనిషి సులువుగా దూరతాడు.

ఇంజనును ఐదు నిమిషాలు తిప్పి ఆపి, పది నిమిషాలు ఆగాం. గోరువెచ్చగా ఉంటే ఆయిలు మురికితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. పైన పోసే మూత తీసి, కింద మట్టి మోసే ఇనుప తట్ట పెట్టి, అడుగు బోల్టును సరైన సైజు రింగు పానాతో విప్పాలి. పటకారు పెట్టి, ఉలి పెట్టి కొడితే బోల్టు తల అరిగిపోతుంది, తర్వాత దాన్ని ఊడదీయడం బ్రహ్మతరం కాదు. పావుగంట కారనివ్వాలి. రెండో బండి ఆయిలు దిగడం చూసి అవ్వ ‘ఇది నూనెనా, కాటుకనా?’ అంది. బోల్టు కింద ఉండే రాగి వాషరు నలిగి ఉంటే కొత్తది వేయాలి, దాని ఖరీదు టీ ఖర్చు కన్నా ఎక్కువ కాదు.

ఫిల్టరు ఊడదీయడానికి పట్టీ లేదు. పాత సైకిలు ట్యూబు చుట్టి తిప్పితే వచ్చేసింది. స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పేవాళ్లున్నారు. రేకు చిరిగి ఆయిలు ముఖాన పడుతుంది, ఫిల్టరు మాత్రం అక్కడే ఉంటుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి. రోడ్డెక్కిన కాసేపటికి ఒత్తిడికి జారి ఆయిలంతా కారిపోతుంది. మంచి చేయబోయి మళ్లీ సీజే. మూడో బండికి మాకు అలాగే అయ్యేది, పాలిటెక్నిక్ పిల్ల వేలితో తడిమి పట్టుకుంది. ఆ చోటు గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు కొంచెం కొత్త ఆయిలు రాసి, చేత్తోనే తిప్పాలి. రబ్బరు తగిలిన తర్వాత ఇంకో ముప్పావు చుట్టు. పానాలు పెట్టి మగతనం చూపించే చోటు కాదిది.

ఆయిలు ఏది పోయాలి? పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే. ఈ పాత డీజిలు పికప్పుల్లో చాలావాటికి 15డబ్ల్యూ-40 రకం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది కాబట్టి వాటికి వేరే ఆయిలు కావాలి, పాతదే పోస్తే ఆ జల్లెడ చెడుతుంది. డబ్బా సీలు చూసుకోండి. విడిగా అమ్మే చవక ఆయిలు జోలికి పోవద్దు. వాడిన ఆయిలునే తేర్చి అమ్ముతున్నవారున్నారు. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి గాని పారేయకండి, లేకపోతే అదే డబ్బాలో కల్తీ ఆయిలు నిండి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. చెప్పిన కొలతకు అర లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం ఇంజను తిప్పి, ఎర్రలైటు ఆరిందో లేదో, కింద కారుతోందో లేదో చూసి, ఆపి, పది నిమిషాలాగి పుల్ల తీయాలి. రెండు గీతల నడుమ ఉండాలి. ఎక్కువైతే మేలనుకోకండి. క్రాంకు చిలికి నురగ చేస్తే ఆ నురగ బేరింగును కాపాడదు.

పెద్ద పికప్పుకు ఆయిలు, ఫిల్టరు కలిపి రెండువేల ఐదువందల దాకా అయింది. అందులో నూటికి 18 వంతున జీఎస్టీ కూడా కూలి చెమటే. ఒక గుంపులో పన్నెండు మంది ఉన్నారు. పనికి పోయిన రోజున మనిషికి ఐదు రూపాయలు ఒక డబ్బాలో వేయాలని పెట్టుకున్నారు. రోజుకు అరవై, నలభై రెండు పని దినాల్లో ఆ ఖర్చు వచ్చేస్తుంది. డబ్బా డ్రైవరు దగ్గర కాదు, అవ్వల దగ్గర ఉంటుంది. మార్చిన తేదీ, కిలోమీటర్లు బండి తలుపు లోపల రంగుతో రాసి ఉన్నాయి. చదువు రాని ఆడవాళ్లు కూడా ఆ అంకెలను మీటరుతో పోల్చి చూస్తున్నారు.

దీనివల్ల మెకానిక్కుల పొట్ట కొడుతున్నారని ఒక కామ్రేడ్ అన్నాడు. నేనలా అనుకోవడం లేదు. ఇంజను విప్పే పని, పంపు పని, గేరు పని వాళ్లవే. షెడ్డుల్లో పని నేర్చుకునే పిల్లలు చేతికి తొడుగు లేకుండా రోజంతా ఈ నల్ల ఆయిల్లోనే ఉంటారు. వాళ్ల గురించి మనం ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. అదీ నిజమే.

ఇంకో విమర్శ గట్టిది. సరుకుల బండిలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఆ బండిలో ఊరికే ఎక్కినవారికి దెబ్బ తగిలితే బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీం కోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తేల్చింది. నేను ఆ ప్రయాణాన్ని సమర్థించడం లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్టు లేదు, మంచి పనే. కాని తెల్లవారుజామున ఐదున్నరకు కంది చేను దాకా పోయే బస్సు ఏ డిపోలో ఉందో చూపించమనండి. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ కంది కోసే మనిషికి బస్సు రాలేదు. బస్సు కోసం కొట్లాడుతూనే ఉందాం. అది వచ్చేదాకా ఎక్కక తప్పని బండి ఇంజను మధ్యదారిలో బిగుసుకోకుండా చూసుకుందాం.

ఇక తీసిన పాత ఆయిలు. మన ఊళ్లలో దాన్ని చెదలకు దూలాలకు పూస్తారు, పశువుల పుండ్లకు రాస్తారు, పొయ్యి అంటించడానికి వాడతారు, మిగిలింది కాలువలో పోస్తారు. ఇంజనులో కాలిన ఆయిల్లో క్యాన్సరు కలిగించే పదార్థాలు, లోహపు రజను చేరి ఉంటాయి. పశువుకు రాయకండి, పొయ్యిలో పోయకండి. మీ చేతులను డీజిలుతో కాదు, సబ్బుతో కడగండి. ఒక్కసారి మార్చిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. వికారాబాదు అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. తాండూరు పక్కన కాగ్నా పారుతుంది, అది పోయి భీమలో కలుస్తుంది. అక్కడ కాలువలో పోసినా ఇక్కడ పోసినా చివరికి కృష్ణకే చేరుతుంది. దారిలో మన చేతిపంపులు, మన బోర్లు ఉన్నాయి.

వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమని 2016 నిబంధనలే చెబుతున్నాయి. 2023లో సవరించిన నిబంధనల ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత ఆయిలు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీద ఉంది. కొత్త డబ్బా అమ్మేవాడి దుకాణం పక్కనే పాతది పోసే పీపా ఉండాలని, మండలానికి ఒకటి తక్కువ కాకుండా పెట్టాలని అడుగుదాం. పట్నంలో పెద్ద షెడ్డుల దగ్గరికి కొనేవాళ్లు వస్తారు. పల్లెకు ఎవడూ రాడు.

మేం ఆ ఆదివారం తీసిన ఆయిలు పదిహేను లీటర్లకు దగ్గరగా ఉంది. మూడు డబ్బాల్లో పోసి, మూత బిగించి, పిల్లలకు అందకుండా సంఘం ఆఫీసు వెనక గదిలో పెట్టాం. దీన్ని ఎవరికి అప్పగించాలో చెప్పమని జిల్లాలో ఒక ఆఫీసుకు కాగితం రాసి, ముద్ర వేయించుకుని వచ్చాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే మార్పిడి తేదీ మాత్రం బండి తలుపు మీద రాసి ఉంది. అప్పటికి ఆ గదిలో ముప్పై లీటర్లవుతుంది.